సాయంకాలము ఎవరిది?



మీ ఇంట కుటుంబ ప్రార్థన ఎన్ని గంటలకు? ఈ ప్రశ్నను మన పల్లె సంఘములలో అడిగి చూడుడి. ఏడున్నరకనియో ఎనిమిదికనియో చెప్పువారు అరుదు. "సీరియల్ అయిన తరువాత" అను జవాబే తరచుగా వినబడును. భోజనము ఎప్పుడు? నడుమ ప్రకటనలు వచ్చినప్పుడు. పిల్లవాని లెక్కలు చూచుట ఎప్పుడు? క్రికెట్టు లేని దినమున. పొరుగింటి ముసలమ్మ జ్వరముతో పడియున్నది గదా, చూడబోవుట ఎప్పుడు? ఆదివారము ఆరాధన అయిన తరువాత, వీలైతే.

ఈ జవాబులలో ఏ ఒక్కటియు పెద్ద నేరము కాదు. అయినను అన్నిటిని ఒకచోట చేర్చి చూడుడి. మన ఇంటి గడియారము మన చేతిలో లేదు. మనకు ముఖపరిచయమైనను లేని మనుష్యులు ఎక్కడనో కూర్చుండి మన సాయంకాలమును కోసి, ఈ ముక్క దీనికి, ఆ ముక్క దానికి అని పంచిపెట్టియున్నారు. వారు వదలిన తునకలలో మనము తినుచున్నాము, మాటలాడుచున్నాము, మోకరించుచున్నాము. ఈ వ్యాసము ఆ సాయంకాలమును గూర్చినది.

మొదట రెండు తప్పు మాటలను ప్రక్కన పెట్టుదము.

"ఇది సాతాను పెట్టె, పగులగొట్టుడి" అను బోధ యొకటి కలదు. అది నిలువదు. పెట్టెలో పాపము లేదు. మన సంఘములే ఒకనాడు రేడియోను చేతులు చాపి చేర్చుకొనెను. సీషెల్స్ ద్వీపములందు 1970లో ఫెబా వారు స్థాపించిన కేంద్రము 2003 వరకు పొట్టి తరంగములమీద మన దేశపు భాషలలో వాక్యమును వినిపించెను. చర్చి లేని గూడెములలో, కాపరి నెలకొకసారి మాత్రమే రాగల ఊళ్లలో, ఆ స్వరమును చుట్టు కూర్చుండి వినినవారు నేటికిని ఉన్నారు. పెట్టె పాపమైనయెడల ఆ వినుటయు పాపమే కావలెను గదా!

రెండవ మాట దీనికి ఎదురుగా నిలిచినది. "చూచినంత మాత్రమున నష్టమేమి? పొద్దంత పొలములో వంగి పనిచేసినవారికి ఆ మాత్రము వినోదము వద్దా?" అని అందురు. ఇందులో సగము నిజము. వినోదము వలయును. నవ్వు, పాట, కథ మనుష్యునికి అన్నమువంటివే. అయితే ప్రశ్న అది కాదు. ఏమి చూచుచున్నాము అని మాత్రమే మన ప్రసంగములు విచారించుచున్నవి; ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు ఆపుచున్నాము, ఆ వేళను నిర్ణయించినవారెవరు అని ఎవరును విచారించుటలేదు. నేను చెప్పదలచినది ఇదొక్కటే: మనకు హాని చేసినది కథ కాదు, ముగింపు లేని వేళ.

ఇది తెలియవలెనన్న కొంచెము వెనుకకు పోవలెను.

తెలుగువారి ఇండ్లలోనికి రేడియో వచ్చిన దినములను తలంచుడి. 1935లో హైదరాబాదునందు దక్కన్ రేడియో నిజాము ప్రభుత్వము చేతిలోనికి వచ్చెను. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము మొదలై, తెలుగు కార్యక్రమములును వినిపించెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము తెరువబడెను. అప్పుడు రేడియో కొన్నవాడు తపాలా కార్యాలయమునకు పోయి ఏటేట లైసెన్సు రుసుము కట్టవలసియుండెను. ఊరికి ఒకటో రెండో రేడియోలు. పంచాయతీ కచేరి గోడకు గాని, మోతుబరి అరుగుమీద గాని ఉండెడివి.

ఆ రేడియోకు ఒక దినచర్య కలదు. ఉదయము ఒక ప్రసారము, మధ్యాహ్నము ఒకటి, సాయంకాలము మొదలు రాత్రి వరకు ఒకటి. నడుమ మౌనము. ఉదయము భక్తిగీతములు, వార్తలు; సాయంకాలము గ్రామస్థుల కార్యక్రమము, ధరవరలు, వాన సంగతి. బాలలకు ఒక దినము, స్త్రీలకు ఒక దినము. ఉషశ్రీగారు ఆదివారము మధ్యాహ్నము విజయవాడ నుండి చెప్పిన పురాణ ప్రవచనములకు ఇంటిల్లిపాదియు చెవియొగ్గుట ఆంధ్రదేశమున పెద్దలందరికిని తెలిసినదే. ప్రసారము ముగియగానే మీట త్రిప్పి ఎవరి పనికి వారు లేచిపోయిరి. రేడియో చెవిని మాత్రము అడిగెను, కన్నును అడుగలేదు. బియ్యము చెరుగుచు వినవచ్చును, పేడ ఎత్తుచు వినవచ్చును, బిడ్డకు పాలిచ్చుచు వినవచ్చును. ఎదుటనున్న మనుష్యుని ముఖమును చూచుచునే వినవచ్చును.

1956లో పూనా ప్రాంతమున యునెస్కో సహాయముతో అనేక గ్రామములలో ఒక ప్రయత్నము చేసిరి. రైతులు కొందరు గుంపుగా కూడి, రేడియోలో వ్యవసాయ కార్యక్రమమును వినవలెను. వినిన తరువాత దానిని గూర్చి తమలో తాము చర్చించవలెను. సందేహములను కేంద్రమునకు వ్రాయవలెను. వినుట సగము, మాటలాడుట సగము. 1959 నుండి దేశమంతట ఇట్టి శ్రోతల గుంపులను స్థాపించిరి. ఇందులోని కీలకమును గమనించుడి. రేడియో ఆగిన తరువాతనే అసలు పని మొదలగును! ఆగని రేడియో అయియుండినయెడల ఆ రైతులు ఎప్పుడు నోరు విప్పియుందురు?

ఆ దినములన్నియు బంగారమని నేను చెప్పుటలేదు. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రియైన కేస్కర్‌గారు సినిమా పాటలు జనులను చెరచునని తలంచి, ఆకాశవాణిలో వాటిని మిక్కిలి తగ్గించివేసిరి. జనులు ఏమి చేసిరి? ముల్లును సింహళము వైపు త్రిప్పిరి. రేడియో సిలోన్ నుండి హిందీ పాటలు మాత్రమే గాక తెలుగు పాటలును వినవచ్చెను. మీనాక్షి పొన్నుదురైగారి తెలుగు పలుకులను జ్ఞాపకము చేసికొనువారు నేటికిని కలరు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభించెను. ఈ వృత్తాంతమును జ్ఞాపకముంచుకొనుడి. ముల్లు త్రిప్పగల చేయి మంత్రికంటె బలమైనదని తేలెను. వినువాడు బలహీనుడు కాడు. తన బలమును మరచిన దినముననే అతడు బలహీనుడగును.

ఇక టెలివిజన్ సంగతి. పల్లెలకు అది మొదట వచ్చినప్పుడును వేళ కలిగియే వచ్చెను. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహ మొకదాని సహాయముతో ఆరు రాష్ట్రములలో 2400 గ్రామములకు టెలివిజన్ చూపిరి. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. దినమునకు నాలుగు గంటలు: ఉదయము గంటన్నర బడిపిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు. ఊరందరికి ఒక్క టీవీ. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము మొదలయ్యెను. అదియు సాయంకాలపు కొద్ది గంటలే.

1987 జనవరి 25న రామాయణము ధారావాహికగా ఆరంభమయ్యెను. ఆదివారము ఉదయము తొమ్మిదిన్నర, అనగా మన చర్చి గంట మ్రోగు వేళ. వీధులు నిర్మానుష్యములయ్యెనని, బస్సులు నిలిచిపోయెనని అప్పటివారందరు చెప్పుదురు. ఆ కథను గూర్చి మనకు తగవు లేదు. మన పొరుగువారికి అది పూజ్యమైనది, మనము దానిని గౌరవింపవలెను. నేను చూపించునది వేళను. దేశమంతయు ఒక్క గడియారమునకు లోబడినది అప్పుడే మొదటిసారి స్పష్టముగా కనబడెను. అయినను అది వారమునకు ఒక్కసారి, గంటకు లోపు. టీవీ ఉన్న ఇంటిలో లేనివారు ఇరువది మంది చాపలమీద కూర్చుండిరి. ముగిసిన తరువాత లేచి, దులుపుకొని, మాటలాడుకొనుచు పోయిరి.

1995 వచ్చెను. ఆ యేట జెమిని టీవీ, ఈటీవీ రెండును మొదలయ్యెను. తరువాత ఒక్కొక్కటిగా అనేకము. ఇప్పుడు ఉదయము లేదు, మధ్యాహ్నము లేదు, నడుమ మౌనము లేదు. రాత్రి పండ్రెండు గంటలకును ఆ తెర మాటలాడుచునే యుండును. వేళ అను గట్టు తెగిపోయినది. గట్టు తెగిన చెరువు ఎంత మంచి నీటిదైనను పొలమును ముంచును గాని తడుపదు.

ఈ పని ఎట్లు జరుగుచున్నదో పల్లెవారు తెలిసికొనవలెను. సీరియల్ సోమవారము మొదలు శనివారము వరకు దినమునకు అరగంట. నేటి ముక్క రేపటి ముక్కకు కట్టబడియుండును. తలుపు తట్టినవారెవరో తెలియకముందే నేటిది ఆగిపోవును. నడుమ ప్రకటనలు. ప్రకటన వెల ఎంత అనునది తెర ఎదుట ఎందరు కూర్చుండిరి అను లెక్కనుబట్టి యుండును. ఆ లెక్క కొరకు కొన్ని వేల ఇండ్లలో యంత్రములు అమర్చి, వారము వారము సంఖ్యలు తీయుచున్నారు. సంఖ్య పెరిగిన కథ సాగును. ఆత్త కోడలిని ఇంకను ఒక యేడు హింసించును. సంఖ్య తగ్గిన కథ హఠాత్తుగా పెండ్లితో ముగియును.

సంతకు పశువును తోలుకొనిపోవువాడు ముందు వారమంతయు దానికి మంచి మేత వేయును. ఆ మేత పశువు మీది ప్రేమచేత కాదు. తెరమీద మనకు వేయుచున్నది మేత. సంతలో బేరము జరుగుచున్నది మన కూర్చుండుటకు.

లెక్క వేయుడి. ప్రకటనలు గంటకు 12 నిమిషములకు మించరాదని నియమము. ఆ నియమమును అక్షరాల పాటించిరనియే అనుకొందము. సాయంకాలము మూడు గంటలు కూర్చుండువాడు 36 నిమిషములు ప్రకటనలే చూచును. సంవత్సరమునకు 219 గంటలు. అనగా తొమ్మిది పగళ్లు, తొమ్మిది రాత్రులు, నిద్ర లేక, తిండి లేక, సబ్బు, నూనె, నగల దుకాణములను గూర్చి వినినట్లు! మన సంఘములో ఎవడైనను ఏటికి తొమ్మిది దినములు ఉపవాసముండి ఒకే సంగతిని ధ్యానించిన యెడల అతనిని గొప్ప భక్తుడందుము. ఈ భక్తిని మనమందరము చేయుచున్నాము. దేవుడు మాత్రము వేరు.

ఇప్పుడు చదువరిని హైదరాబాదునకు కొనిపోవుదును. ఈ సాయంకాలము తయారగు స్థలమును చూడవలెను.

జూబ్లీహిల్స్ అను గుట్టలమీద పెద్ద బంగళాలు, ఫిలింనగర్, స్టూడియోలు ఉన్నవి. అక్కినేనివారి అన్నపూర్ణ స్టూడియో ఆ గుట్టల యందే 1970ల నడుమ లేచెను. దానికి ముందే, 1950ల దశాబ్దమున, యూసుఫ్‌గూడ వైపు సారథీ స్టూడియో వెలసెను. ఆ గుట్టల క్రింద, యూసుఫ్‌గూడ ప్రక్కనే, రహమత్ నగర్ ఉన్నది. ఇరుకు సందులు, ఇంటిమీద ఇల్లు, మెట్లు మెట్లుగా ఎక్కు బాటలు. ఆ ప్రక్కనే కార్మికనగర్, కొంచెము దూరమున కృష్ణానగర్. లైట్లు మోయువారు, రంగు పూయువారు, బట్టలు ఇస్త్రీ చేయువారు, చెక్కలతో మేడలు కట్టు వడ్రంగులు, గుంపులో నిలుచుండు చిన్న నటులు అనేకులు ఈ పేటలలో అద్దెకు నివసింతురు. వేకువనే కృష్ణానగర్ రోడ్డుమీద, నేడు పని దొరకునా అని నిలుచుండువారిని హైదరాబాదులో ఎరుగనివారు లేరు. వారిలో చాలమంది మన పల్లెలనుండి పోయినవారే. వర్షములేని యేట బస్సెక్కి పోయినవారు, సినిమాలలో చేరుదుమని ఇల్లు విడిచి పోయినవారు.

నీవు రాత్రి చూచు సీరియల్‌లో అట్టి ఇల్లు ఎన్నడైనను చూచితివా? అక్కడ ప్రతి కుటుంబమునకు మేడ, మేడకు వంపు తిరిగిన మెట్లు, వంటింట పట్టుచీర కట్టిన కోడలు. నిద్రలోను నగలు తీయదు. ఆ మేడ అద్దెది. లేదా చెక్కతో కట్టినది. దానిని కట్టిన వడ్రంగి రహమత్ నగర్‌వంటి పేటలో ఒక్క గదిలో భార్యాబిడ్డలతో నిద్రించుచున్నాడు. అతని కథ తెరమీదికి రాదు. 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు కూలి నూటికి 30 వంతులు పెంచవలెనని పని ఆపివేసిరి. రెండు వారములకు పైగా చిత్రీకరణలు నిలిచెను. గుట్టమీద మేడను మనకు దినమును చూపువారు, గుట్ట క్రింది ఈ కూలిని మనకు కథగా చెప్పరు. కావుననే మన పల్లె పిల్లది తన ఇంటి మట్టిగోడను చూచి సిగ్గుపడుచున్నది. మట్టిగోడ సిగ్గుపడవలసినది కాదు. చెక్క మేడ అబద్ధము.

ఇంకొక సాక్ష్యము చెప్పెదను. 2020 మార్చిలో మహమ్మారి వచ్చి చిత్రీకరణలన్నియు ఆగిపోయెను. స్టూడియోలకు తాళములు పడెను. క్రొత్త కథ ఒక్క ముక్కయైనను లేదు. తెర చీకటి పడెనా? లేదు. పాత భాగములనే మరల చూపిరి. మార్చి 28 నుండి దూరదర్శన్ 1987 నాటి రామాయణమునే మరల వేసెను. దేశములో టీవీ చూచుట తగ్గలేదు సరికదా, పెరిగెను. ఆ దినములలో ఇల్లు కదలరాదు గనుక అది సహజమే అందురు. ఒప్పుకొందును. అయినను ఒక సంగతి తేటపడెను. మనము కూర్చుండునది కథ కొరకు కాదు. కథ పాతదైనను, ముగింపు తెలిసినదైనను, ఆ వేళకు అక్కడ కూర్చుండుట మనకు అలవాటయ్యెను. ఎద్దు గానుగ చుట్టు తిరుగును. గానుగలో నువ్వులు ఉన్నవా లేవా అని చూడదు.

ఇచ్చట సంఘపు పెద్దలతో ఒక మాట చెప్పవలసియున్నది. దయచేసి కోపగించకుడి.

టీవీని గూర్చి ప్రసంగించినప్పుడెల్ల మనము స్త్రీలనే గద్దించుచున్నాము. "అమ్మలారా, సీరియళ్లు మానుడి" అనుచున్నాము. ముందు ఈ లెక్క వినుడి. భారత ప్రభుత్వ గణాంక కార్యాలయము 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారము, జీతములేని ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములు ఆ పనిలో గడుపుచున్నారు. ఆ పని చేయు పురుషులు 88 నిమిషములు. ఇంటిపని అసలు ముట్టని పురుషులు ఈ సగటులోనికి రానేలేదు. 289 నిమిషములనగా నాలుగు గంటల నలువది తొమ్మిది నిమిషములు. పొలము పని దీనికి వేరు. అట్టి స్త్రీకి ఆ సీరియల్ అరగంటయే దినమంతటిలో నడుము వాల్చి కూర్చుండు వేళ. ఆ అరగంట ఆమెకు కథ కాదు, విశ్రాంతి. దానిని తీసివేయమని చెప్పు పెద్దమనిషి ఆ తరువాత ఏమి చేయుచున్నాడు? క్రికెట్టు చూచుచున్నాడు. వార్తల చానలులో నలుగురు ఒక్కసారే అరచు వాదములను రెండు గంటలు వినుచున్నాడు. వినుచు, "అన్నము పెట్టవా" అని కేకవేయుచున్నాడు.

అయ్యా, నీ భార్య సాయంకాలమును తెర దోచుకొనకముందే నీవు దోచుకొంటివి. ఆమెను గద్దించు ముందు గిన్నె పట్టుకొనుము. ఒక బిందె నీళ్లు తెమ్ము. పిల్లవానిని నీవు నిద్రపుచ్చుము. అప్పుడు సీరియల్ ఆపుదమా అని అడుగుము. ఆమెయే ఆపును.

సంఘముతోను ఒక మాట. దేవుని నామము పెట్టిన చానలైనను ఇరువది నాలుగు గంటలు నడిచిన యెడల చేయు పని అదే. ఒక ప్రసంగికుడు ముగించగానే మరియొకడు మొదలుపెట్టును. దినమంతయు ప్రసంగములు వినుచు, ప్రక్కింటిలో పస్తున్న విధవరాలిని చూడని భక్తి ఒకటి మనలో పుట్టినది. పూనా రైతులకున్న జ్ఞానము మనకు లేదా? వినిన తరువాత ఆపి, లేచి, చేయవలెను.

సెల్ ఫోను సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఊరి టీవీ ఇంటి టీవీ అయ్యెను; ఇంటి టీవీ అరచేతిది అయ్యెను. పూర్వము తెర ఎదుట ఇంటివారందరు ఒక్క బొమ్మనైనను చూచి ఒక్కసారి నవ్విరి. ఇప్పుడు నలుగురు నాలుగు మూలలలో నాలుగు బొమ్మలు చూచి వేర్వేరుగా నవ్వుచున్నారు. ఆ సర్వేయే మరియొక సంగతి తెలుపుచున్నది. ఆరేండ్లు మొదలు పైబడినవారు వినోదము, విశ్రాంతి, ప్రసార సాధనములు, ఆటలు వీటన్నిటికి కలిపి 2019లో దినములో నూటికి 9.9 వంతులు గడుపగా, 2024లో 11 వంతులు గడిపిరి. కాలము పెరుగుచున్నది, కలిసి గడుపుట తగ్గుచున్నది.

అయితే వేళను మరల చేజిక్కించుకొనుట సాధ్యమా? సాధ్యమేనని మన తెలుగు నేలమీదనే కొందరు చూపిరి. వారు పెద్ద చదువులు చదివినవారు కారు, ధనికులు కారు. జహీరాబాదు దగ్గర మాచనూరు అను పల్లెలో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో అను పేర స్వంత కేంద్రమును ప్రారంభించిరి. నర్సమ్మ అను పేరుగల ఇద్దరు స్త్రీలు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ, దానిని నడిపిరి. చుట్టుపట్ల ఇరువది యైదు కిలోమీటర్ల మేర వినబడునది. విత్తనములు, చిరుధాన్యములు, పురుళ్లు, పాటలు, పండుగలు. తమ మాటలను తామే పట్టుకొని తామే వినిపించిరి.

వారు పెట్టుకొన్న వేళను చూడుడి: రాత్రి ఏడు గంటలనుండి తొమ్మిది వరకు. పొలమునుండి వచ్చి, పొయ్యి ముట్టించు వేళ. రెండు గంటలు, అంతటితో సరి. ప్రకటన వెలనుబట్టి కాదు, తమ పొలము పనినిబట్టి తామే నిర్ణయించుకొన్న వేళ. కూలి చేసికొను స్త్రీలు చేయగలిగినది సంఘములు, కమిటీలు, పెద్దలు ఉన్న మనము చేయలేమా?

కాబట్టి, చదువరీ, టీవీని పగులగొట్టుమని నేను చెప్పను. పగులగొట్టినవాడు నెలకు మరల కొనును, అప్పు మిగులును. మూడు పనులు చెప్పుదును. చేసి చూడుము.

మొదటిది, ఆదివారము మధ్యాహ్నము ఇంటివారందరు కూర్చుండి, ఈ వారము ఏమి చూతుము అని మాటలాడుకొనుడి. ఇల్లాలికి ఒకటి, ఇంటి యజమానికి ఒకటి, పిల్లలకు ఒకటి. చూచునది ప్రీతితో చూడుడి. ఏరుకొన్నది వినోదము, ఏరుకొననిది వ్యసనము.

రెండవది, ఏరుకొన్నది ముగియగానే ఆపుడి. తరువాతది ఏమో చూతమని చేతిని నిలుపకుడి. తరువాతది ఎప్పుడును ఉండును. దానికొరకే వారు జీతములు తినుచున్నారు.

మూడవది, మీ ఇంటికి ఒక వేళ పెట్టుడి. ఏడున్నర గాని, ఎనిమిది గాని, మీ పనికి తగినది. ఆ గంట తెర నల్లగా ఉండవలెను, సెల్ ఫోనులన్నియు ఒక బుట్టలో ఉండవలెను, పెద్దవారివి ముందుగా. ఆ గంటలో ప్రార్థన చేయుడి. ప్రార్థన పది నిమిషములకే ముగియును. మిగిలిన వేళ ఏమి చేయవలెనో మొదటి దినము మీకు తోచదు. ఒకరి ముఖమొకరు చూచి మొహమాటపడుదురు. భయపడకుడి. ఆ మౌనము రేడియో నాళ్లలో ప్రసారమునకు ప్రసారమునకు నడుమ నుండిన మౌనమే. అందులోనే పిల్లవాడు బడిలో దెబ్బలు తినిన సంగతి బయటపడును. అందులోనే కోడలు పుట్టింటిని తలంచుకొని ఏడ్చుట వినబడును. అందులోనే ముసలి తండ్రి, ఎన్నడును చెప్పనిది, తన మొదటి కూలి ఎంతయో చెప్పును.

ఒకనాడు మన పెద్దలు ముల్లు త్రిప్పి ఒక మంత్రిని దిగివచ్చునట్లు చేసిరి. నీ చేతిలోనున్న రిమోటుకు అంతకంటె చిన్న పని చాలును. దానిమీద ఎర్రని మీట ఒకటి ఉన్నది. రహమత్ నగర్ సందులలో నిద్రించు ఆ కూలివానికి దానివలన నష్టము లేదు. అతని సాయంకాలము అతనికి దొరకవలెనని కూడ ప్రార్థించుము. నీ సాయంకాలమును మాత్రము నేడే నొక్కి తీసికొనుము. పొరుగింటి ముసలమ్మకు ఇంకను జ్వరము తగ్గలేదు. ఆదివారము వరకు ఆగనేల?